లింకింగ్ వర్డ్స్ అన్నీ వచ్చు, మెయిల్‌లో ఫ్లో మాత్రం లేదంటున్నారు

ప్రశ్న: నమస్తే అండి. మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బెంగళూరులో ఒక ఐటీ కంపెనీ సపోర్ట్ టీమ్‌లో చేస్తున్నాను, మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. మా మేనేజర్ నా మెయిల్స్ చూసి, "గ్రామర్ బాగానే ఉంది, కానీ ఫ్లో లేదు, ఏ వాక్యానికి ఏ వాక్యం కలుస్తుందో తెలియట్లేదు" అన్నారు. దాంతో యూట్యూబ్ చూసి చాంతాడంత లింకింగ్ వర్డ్స్ లిస్టు రాసుకుని బట్టీ పట్టాను, ప్రతి మెయిల్‌లో వాడుతున్నాను. ఇప్పుడు ఇంకా గందరగోళంగా ఉందంటున్నారు. డిసెంబరులో ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష కూడా రాయాలి, ఒకటే టెన్షన్‌గా ఉంది. నేను రాసిన మెయిల్ ఒకటి పంపుతున్నాను, చూడండి. ఇంకో డౌట్ కూడా ఉంది. వాక్యాన్ని "బట్"తో, "బికాజ్"తో మొదలుపెట్టకూడదని స్కూల్లో మా సార్ చెప్పేవారు. నిజమేనా?

— మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ మేనేజర్ చెప్పిన మాటను ఇంకోసారి గుర్తు చేసుకోండి. మీకు ఇంగ్లీషు మాటలు తక్కువగా వచ్చని ఆయన అనలేదు. ఏ వాక్యానికి ఏ వాక్యం కలుస్తుందో తెలియట్లేదన్నారు. వాక్యాల మధ్య సంబంధం ఏమిటో రాసే మనకు ముందే తేలాలి. అది తేలాక తగిన మాట దానంతటదే దొరుకుతుంది. తేలకుండా మాట వేస్తే, లేని సంబంధాన్ని ఉన్నట్టు చెప్పినట్టవుతుంది, చదివేవాళ్లు తప్పుదారి పడతారు. మీ మెయిల్స్ ముందుకంటే గందరగోళంగా తయారవడానికి కారణం ఇదే. మీ కష్టంలో లోపం లేదు, ఆ లిస్టు పని చేసే తీరే అంత. "మోరోవర్, ఫర్దర్‌మోర్, ఇన్ ఎడిషన్" అని ఒక వరస, "హెన్స్, దస్, దేర్‌ఫోర్" అని ఇంకో వరస. ఒకే వరసలో ఉన్నాయి కాబట్టి ఏది వేసినా ఒకటే అనిపిస్తుంది. ఏది ఎక్కడ అతుకుతుందో ఆ లిస్టు చెప్పదు.

మీరు పంపిన మెయిల్‌నే తీసుకుందాం. మీరు రాసింది ఇది:

"ద పేమెంట్ సర్వర్ వాజ్ డౌన్ లాస్ట్ నైట్. మోరోవర్, టూ హండ్రెడ్ ఆర్డర్స్ ఫెయిల్డ్. హెన్స్, వుయ్ రీస్టార్టెడ్ ద సర్వర్. ఫర్దర్‌మోర్, ద ఇష్యూ ఈజ్ రిజాల్వ్‌డ్. ఆన్ ద కాంట్రరీ, వుయ్ హావ్ నాట్ ఫౌండ్ ద రూట్ కాజ్. దేర్‌ఫోర్, ఇట్ మే హ్యాపెన్ అగైన్."

విడివిడిగా చూస్తే ఒక్క వాక్యంలోనూ గ్రామర్ తప్పు లేదు. ఇప్పుడు ఇదే విషయం రాత్రి పీజీలో మీ రూమ్మేట్‌కి తెలుగులో చెబుతున్నారనుకోండి. "నిన్న రాత్రి సర్వర్ పడిపోయింది. అదీగాక రెండొందల ఆర్డర్లు ఫెయిలయ్యాయి" అంటారా? అనరు. "సర్వర్ పడిపోయి రెండొందల ఆర్డర్లు ఫెయిలయ్యాయి" అంటారు. ఆర్డర్లు ఫెయిలవడం సర్వర్ పడిపోవడం వల్లే జరిగింది, అది వేరే కొత్త సంగతి కాదు. అక్కడ "మోరోవర్" పెట్టేసరికి, చదివే క్లయింటుకు రెండు వేర్వేరు సమస్యలు వచ్చాయేమో అనిపిస్తుంది. "ఫర్దర్‌మోర్" కూడా అంతే. రీస్టార్ట్ చేయడం వల్ల సమస్య తీరింది. మీ వాక్యం చదివితే రీస్టార్ట్ ఒక పక్క, సమస్య తీరడం ఇంకో పక్క జరిగినట్టుంది.

"ఆన్ ద కాంట్రరీ" వీటన్నిటికంటే ప్రమాదం. ముందు చెప్పింది నిజం కాదు, దానికి పూర్తి వ్యతిరేకమే నిజం అన్నప్పుడు వాడే మాట అది. "మీ పీజీలో భోజనం బాగోదట కదా?" అని ఎవరైనా అడిగితే, "ఆన్ ద కాంట్రరీ, ఇట్స్ వెరీ గుడ్" అనొచ్చు. మీరు "సమస్య తీరింది" అని రాసి, వెంటనే "ఆన్ ద కాంట్రరీ" అన్నారు. అంటే తీరలేదనా? క్లయింట్ అక్కడ ఆగిపోతారు. మీకు కావలసింది మామూలు "బట్". చాలామంది దీన్ని "ఆన్ ది అదర్ హ్యాండ్"తో కలిపేస్తుంటారు. అది ఒకే విషయానికి రెండు పక్కలు చూపించడానికి. మెట్రో అయితే తొందరగా వెళ్తుంది, బస్సయితే పీజీ ముందే దింపుతుంది అన్నచోట రెండో వాక్యంలో అది చక్కగా అతుకుతుంది. అక్కడ రెండూ నిజమే, ఒకటి ఇంకోదాన్ని కొట్టేయదు.

మీ ఐదు కనెక్టర్లలో (లింకింగ్ వర్డ్స్‌నే ఇలా అంటారు) సరిగ్గా కూర్చున్నది చివరి "దేర్‌ఫోర్". "హెన్స్" అర్థం పరంగా తప్పు కాదు గానీ బరువు ఎక్కువ. మన ఆఫీసుల్లో "హెన్స్" అతిగా వాడతారు. జరిగింది చెప్పేటప్పుడు "సో" సరిపోతుంది.

ఆ మెయిల్‌ను నేనైతే ఇలా రాస్తాను:

"ద పేమెంట్ సర్వర్ వెంట్ డౌన్ లాస్ట్ నైట్, అండ్ టూ హండ్రెడ్ ఆర్డర్స్ ఫెయిల్డ్. రీస్టార్టింగ్ ద సర్వర్ ఫిక్స్‌డ్ ద ప్రాబ్లమ్. బట్ వుయ్ హావ్ నాట్ ఫౌండ్ ద రూట్ కాజ్ యెట్, సో ఇట్ మే హ్యాపెన్ అగైన్."

అండ్, బట్, సో. ఒకటో తరగతిలో నేర్చుకున్న మూడు మాటలతో పని జరిగిపోయింది. రెండో వాక్యానికి కనెక్టరే లేదు. "ద సర్వర్", "ద ప్రాబ్లమ్" అన్నప్పుడు ఆ "ద" అనేది ఇంతకుముందు చెప్పుకున్న సర్వరే, ఆ సమస్యే అని వెనక్కి చూపిస్తోంది. తెలుగులో అలాంటి ఆర్టికల్ లేదు కాబట్టి, అది కూడా వాక్యాలను కలుపుతుందని మనకు తట్టదు. "దిస్ డిలే", "దీజ్ ఎర్రర్స్", "దట్ చేంజ్" లాంటివీ అదే పని చేస్తాయి. మెయిల్స్‌లో వీటిని ఎంత వాడితే అంత మంచిది.

ఇక "మోరోవర్" ఎక్కడ వాడాలంటారా? ఒక మాట అనేసి, దానికి ఒక కారణం చెప్పి, అదే పక్కకు ఇంకో బలమైన కారణం చేర్చేటప్పుడు. "ఆ ఫ్లాట్ వద్దు. ఆఫీసుకు దూరం. అదీగాక కావేరి నీళ్లు రావు, వేసవి వస్తే ట్యాంకరే దిక్కు." ఇక్కడ "అదీగాక" ఎంత సహజంగా వచ్చిందో చూడండి. ఈ పరీక్ష అన్నిటికీ పనికొస్తుంది. రెండు వాక్యాల మధ్య తెలుగులో మీ నోట "అందుకని" వస్తోందా, "అయినా" వస్తోందా, "ఎందుకంటే" వస్తోందా, "ఉదాహరణకి" వస్తోందా వినండి. ఏదీ రాకపోతే ఇంగ్లీషులోనూ ఏదీ పెట్టకండి. మీరు తెలుగు మీడియంలో చదవడం ఇక్కడ మీకు లాభమే. సంబంధాలు పసిగట్టే చెవి మీకు ముందే ఉంది.

అయితే ఆ సంబంధాన్ని ఇంగ్లీషులో పెట్టేటప్పుడు తెలుగు వాక్యం కొన్నిచోట్ల మనల్ని పక్కకు లాగుతుంది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, మీ మిగతా మెయిల్స్‌లో కూడా ఇవే పొరపాట్లు వచ్చే అవకాశం ఎక్కువ.

తెలుగులో కలిపే మాట చాలాసార్లు వాక్యం చివర వస్తుంది. "సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్ ఉంది కాబట్టి లేటయింది." ఈ "కాబట్టి" కారణం చివర, ఫలితానికి ముందు ఉంది. ఇంగ్లీషులో కారణం ముందు "బికాజ్" పెట్టాలి, లేదా ఫలితం ముందు "సో" పెట్టాలి. రెంటిలో ఒకటే. మనమేమో "ఎందుకు లేటయిందంటే, ట్రాఫిక్ ఉంది కాబట్టి" అని రెండువైపులా చెప్పడానికి అలవాటుపడ్డాం. అందుకే "బికాజ్ దేర్ వాజ్ ట్రాఫిక్, సో ఐ వాజ్ లేట్" అని వచ్చేస్తుంది. "ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, బట్ ఐ కేమ్" కూడా ఇదే రకం తప్పు. "ఆల్దో" ఉంటే "బట్" వద్దు, "బట్" ఉంటే "ఆల్దో" వద్దు. కన్నడం, తమిళంలోనూ వాక్యం ఇంచుమించు ఇలాగే నడుస్తుంది కాబట్టి మీ టీమ్‌లో ఆ భాషలవాళ్లు కూడా ఇదే తప్పు చేస్తుండొచ్చు, గమనించి చూడండి.

"డిస్పైట్ ఆఫ్" అనేది ఇంగ్లీషులో లేదు. "ఇన్ స్పైట్ ఆఫ్"లో "ఆఫ్" ఉంది, "డిస్పైట్"కి అక్కర్లేదు. ఈ రెంటి తర్వాత పూర్తి వాక్యం రాకూడదు, నామవాచకం గానీ ఐఎన్‌జీ రూపం గానీ రావాలి. "డిస్పైట్ ద ట్రాఫిక్" సరే. పూర్తి వాక్యం కావాలంటే "ఆల్దో ద ట్రాఫిక్ వాజ్ హెవీ". "బికాజ్", "బికాజ్ ఆఫ్" మధ్య తేడా కూడా అచ్చం ఇదే.

"అన్‌లెస్", "అంటిల్" దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే అర్థం తలకిందులవుతుంది. "పాస్‌వర్డ్ మార్చకపోతే లాగిన్ అవదు" అంటాం. ఆ "మార్చకపోతే"లో కాదనే అర్థం ఉంది కాబట్టి "అన్‌లెస్ యూ డోంట్ చేంజ్ యువర్ పాస్‌వర్డ్, యూ కాంట్ లాగిన్" అని రాస్తాం. "అన్‌లెస్"లోనే ఆ "కాదు" దాగి ఉంది. ఇంకో "డోంట్" చేరిస్తే, పాస్‌వర్డ్ మార్చనివాళ్లకే లాగిన్ అవుతుందని అర్థం వస్తుంది. క్లయింటుకు పంపే సూచనల్లో ఇలా జరిగితే ఎంత ఇబ్బందో మీకు తెలుసు. సరైనది "అన్‌లెస్ యూ చేంజ్". "టెస్టింగ్ పూర్తికానంతవరకు డిప్లాయ్ చేయొద్దు" అన్న వాక్యం కూడా ఇలాగే మోసం చేస్తుంది. "అంటిల్ టెస్టింగ్ ఈజ్ నాట్ ఓవర్" అని రాయకూడదు, "అంటిల్ టెస్టింగ్ ఈజ్ ఓవర్" అనాలి. మనసులో తెలుగు వాక్యాన్ని "పూర్తయ్యేదాకా" అని మార్చుకుంటే ఇంగ్లీషు దానంతటదే సరిగ్గా వస్తుంది.

ఇంకొకటి. "లాగ్స్ చూసి, డేటాబేస్ టీమ్‌తో మాట్లాడి, టికెట్ రైజ్ చేశాను" అని తెలుగులో ఎన్ని పనులనైనా ఏ కలుపుమాటా లేకుండా గుదిగుచ్చగలం. అదే ఇంగ్లీషులో "ఆఫ్టర్ చెకింగ్ లాగ్స్, ఆఫ్టర్ టాకింగ్ టు డేటాబేస్ టీమ్..." అని సాగుతుంది, లేదంటే ప్రతి వాక్యానికీ ముందు "దెన్" చేరుతుంది. ఇంగ్లీషులో సొంపైన పద్ధతి ఇది: "ఐ చెక్‌డ్ ద లాగ్స్, స్పోక్ టు ద డేటాబేస్ టీమ్ అండ్ రైజ్డ్ ఎ టికెట్." ఒక "ఐ", చివర ఒక "అండ్", అంతే. స్టేటస్ మెయిల్స్‌లో మీకు రోజూ కావలసిన వాక్యం ఇదే.

కామాల సంగతి క్లుప్తంగా చెబుతాను. అండ్, బట్, సో, బికాజ్, ఆల్దో లాంటివి రెండు వాక్యాలను కలిపి ఒకటి చేయగలవు. హౌఎవర్, దేర్‌ఫోర్, మోరోవర్ ఆ పని చేయలేవు, సంబంధం మాత్రమే చెబుతాయి. కాబట్టి రెండు పూర్తి వాక్యాల మధ్య "హౌఎవర్" వస్తే దాని ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ ఉండాలి, తర్వాత కామా. రెండు పక్కలా కామాలు పెట్టి సరిపెట్టేయడం చాలా ఎక్కువగా కనిపించే తప్పు. "సిన్స్" విషయంలోనూ ఒక జాగ్రత్త: "సిన్స్ ద సర్వర్ వెంట్ డౌన్" అంటే సర్వర్ పడిపోయినప్పటి నుంచి అనీ అర్థమే, పడిపోయినందువల్ల అనీ అర్థమే. కారణం చెప్పాలంటే "బికాజ్" వాడితే ఏ అనుమానమూ ఉండదు.

ఇప్పుడు ఫ్లో. 1976లో మైకేల్ హాలిడే, రుఖయ్యా హసన్ అనే భాషావేత్తలు ఇంగ్లీషు వాక్యాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో పరిశీలించి, ఐదు రకాల ముడులున్నాయని చెప్పారు. వాటిలో కనెక్టర్లు ఒక రకం మాత్రమే. మిగతావాటిలో ఇట్, దిస్, దే లాంటి మాటలతో వెనక్కి చూపించడం, అదే మాటనో దానికి దగ్గరి మాటనో మళ్లీ వాడడం ముఖ్యమైనవి. మీరు బట్టీ పట్టిన లిస్టంతా ఐదింట్లో ఒక్కదానికి చెందింది.

ఒక చిన్న పేరా చూడండి. "బెంగళూరు గెట్స్ మచ్ ఆఫ్ ఇట్స్ డ్రింకింగ్ వాటర్ ఫ్రమ్ ద కావేరి. ద రివర్ ఈజ్ ఎబౌట్ ఎ హండ్రెడ్ కిలోమీటర్స్ అవే, అండ్ ద సిటీ స్టాండ్స్ మచ్ హయ్యర్. ఆల్ దిస్ వాటర్ హ్యాజ్ టు బి పంప్‌డ్ అప్‌హిల్." ఇందులో "అండ్" తప్ప కనెక్టరే లేదు. అయినా ఎక్కడా తెగలేదు. మొదటి వాక్యం కావేరితో ముగిసింది, రెండోది "ద రివర్"తో మొదలైంది. నది దూరంగా ఉందని, ఊరు ఎత్తులో ఉందని తెలిశాక నీళ్లను పైకి తోడాలనేది దానంతటదే అర్థమవుతుంది, "దేర్‌ఫోర్" అని చెప్పనక్కర్లేదు. పాత సంగతితో వాక్యం మొదలుపెట్టి కొత్త సంగతితో ముగించడం, ఆ కొత్తదాన్ని తర్వాతి వాక్యం మొదట్లో అందుకోవడం. మీ మేనేజర్ ఫ్లో అంటున్నది ఎక్కువగా దీన్నే. కనెక్టర్ల కంటే ముందు దీన్ని పట్టుకోండి, ఎందుకంటే ఇది లేని మెయిల్‌ను ఎన్ని కనెక్టర్లు వేసినా నిలబెట్టలేం.

ఐఈఎల్‌టీఎస్‌కి వేరే పద్ధతి అక్కర్లేదు. రైటింగ్ పరీక్షలో టాస్క్ 2 వ్యాసం కనీసం 250 మాటలుండాలి, దానికి 40 నిమిషాలు తీసుకోమంటారు. నాలుగు అంశాలను సమానంగా చూసి బ్యాండ్, అంటే తొమ్మిది దాకా ఉండే స్కోరు, ఇస్తారు, అందులో ఒకటి కోహెరెన్స్ అండ్ కోహిజన్, అంటే ఆలోచనల పొందిక, వాక్యాల అల్లిక. కనెక్టర్లు ఎన్ని వాడితే అన్ని మార్కులని చాలామంది అనుకుంటారు. అది అపోహ. వాళ్లు ప్రకటించిన కొలమానం చదివితే, బ్యాండ్ 6 స్థాయిలో ఈ అల్లిక తప్పుగానో, యాంత్రికంగానో ఉండొచ్చని రాసి ఉంటుంది. బ్యాండ్ 9కి వచ్చేసరికి అది చదివేవారి దృష్టికి దాదాపు రానంత సహజంగా ఉండాలి. ప్రతి వాక్యం మొదట్లో ఫర్స్ట్‌లీ, సెకండ్‌లీ, మోరోవర్, ఇన్ కన్‌క్లూజన్ అని పేర్చుకుంటూ పోవడాన్నే యాంత్రికం అంటారు. వ్యాసం రాసే ముందు ఐదు నిమిషాలు కేటాయించి ఏ పేరాలో ఏ ఒక్క మాట చెప్పబోతున్నారో తెలుగులోనైనా సరే రాసుకోండి. ఆ నాలుగు ముక్కల మధ్య సంబంధం తెలిస్తే కనెక్టర్లు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

రోజూ చేయగలిగిన సాధన ఒకటుంది. సాయంత్రం మీరు పంపిన మెయిల్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్న కనెక్టర్లన్నీ తీసేసి చదవండి. ఎక్కడ నిజంగా తడబడ్డారో అక్కడ మాత్రమే ఒకటి తిరిగి పెట్టండి, అదీ వీలైనంత చిన్నది. మీ లిస్టును పారేయనక్కర్లేదు. అందులో ఒక్కో మాటను తీసుకుని, అది అతికే సొంత వాక్యాలు రాయండి, మీ ఆఫీసు సంగతులో, పీజీ సంగతులో. సొంత వాక్యం దొరకని మాటను ప్రస్తుతానికి వదిలేయండి. వీలైతే మన బెంగళూరు పత్రికే అయిన డెక్కన్ హెరాల్డ్‌లో సంపాదకీయం చదువుతూ కనెక్టర్ల కింద గీతలు గీయండి. ఏ మాటలు ఎక్కువగా వస్తున్నాయో మీకే కనిపిస్తుంది. టీమ్ రోజువారీ స్టాండప్ కాల్స్‌లో అయితే ఇంత ఆలోచన వద్దు, మాట్లాడేటప్పుడు అండ్, సో, బట్ చాలు. "బేసికల్లీ", "యాక్చువల్లీ" మాత్రం తగ్గించుకోండి, అవి దేన్నీ కలపవు.

చివరగా మీ సార్ చెప్పిన రూలు. పిల్లలు ప్రతి వాక్యాన్నీ "అండ్"తో మొదలుపెట్టి పొడిగిస్తుంటారు కాబట్టి టీచర్లు అలా ఆపుతారు, అది ఆ వయసుకు మంచిదే. ఇంగ్లీషు వ్యాకరణంలో మాత్రం అలాంటి నిషేధం లేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఆదికాండం మొదటి అధ్యాయం తెరిస్తే, మొదటి వచనం తర్వాత దాదాపు అన్నీ "అండ్"తోనే మొదలవుతాయి. నేను తిరగరాసిన మీ మెయిల్లోనూ ఒక వాక్యం "బట్"తో మొదలైంది చూడండి. "బట్" తర్వాత కామా పెట్టకండి, అంతే. "బికాజ్"తోనూ నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు, కాకపోతే కారణం చెప్పి ఆపేయకూడదు, ఫలితం కూడా అదే వాక్యంలో రావాలి. "బికాజ్ ద బ్యాకప్ ఫెయిల్డ్, వుయ్ కుడ్ నాట్ రిస్టోర్ ద డేటా" పూర్తి వాక్యం. "బికాజ్ ద బ్యాకప్ ఫెయిల్డ్" అని చుక్క పెట్టేస్తే సగమే. టీమ్ చాట్‌లో ఎవరైనా "వై?" అని అడిగితే ఆ సగం జవాబు చాలు, క్లయింట్ మెయిల్లో మాత్రం పూర్తిగా రాయండి.